నేను దాచిన చెత్తబుట్ట

అనంతపురంలో ఒక కాలేజీ వాళ్ళు పిలిచి, కంప్యూటర్ చదివే పిల్లలకు నా ఉద్యోగం గురించి ఒక గంట చెప్పమన్నారు. నా దగ్గరున్న మాటలు పావుగంటలో అయిపోయాయి. మిగిలిన ముక్కాలు గంట ఏం చేయాలో తోచక, ప్రశ్నలుంటే అడగండి అన్నాను. మూడో వరుసలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, మీరు ఫైళ్ళు దాచిపెట్టే యాప్‌కు స్క్రీన్లు గీసినారు కదా. దాంట్లో మనం పెట్టిన ఫైలు నిజంగా యాడ ఉంటాది సార్?"

"క్లౌడ్‌లో."

"అంటే యాడ సార్?"

"సర్వర్లలో. పెద్ద పెద్ద కంప్యూటర్లు ఉంటాయి."

"అవి యాడుంటాయి సార్?"

నాకు తెలియదు. ఆ యాప్ మీద పన్నెండేళ్ళు పనిచేశాను. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒకటి సింగపూర్‌లో ఉందని క్యాంటీన్‌లో ఎవరో అంటుంటే విన్నాను. అదే చెప్పాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వకుండా కూర్చుంది.

అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఏమైనా పనికొస్తుందేమో చూడండి. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కుర్చీ నుంచి ఏ కుర్చీకి మారాను అనేవి రాయను, అవి నాకే గుర్తు లేవు. గుర్తున్నవి కొన్ని తప్పులు. వాటిలో ఒకటి చాలా పెద్దది, అది నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అసలు ఇది అర్థమైనవాళ్ళు రాయాల్సింది. వాళ్ళెవరూ రాస్తున్నట్టు లేదు.

నాయన బోర్డులు

మా నాయన అనంతపురంలో బోర్డులు రాసేవాడు. టైలర్ అంగళ్ళు, సైకిల్ అంగళ్ళు, కిళ్ళీ కొట్లు, డాక్టర్ల గదులు. తెలుగు, ఉర్దూ రెండూ రాసేవాడు. నాకు చిరాకు తెప్పించే అలవాటు ఒకటి ఉండేది ఆయనకు. బోర్డు ఎక్కించాక ఇంటికి వచ్చేవాడు కాదు. ఎదురుగా టీ అంగడి బెంచీ మీద కూర్చుని పూట పూటంతా ఆ బోర్డునే చూసేవాడు. పక్కన నేను.

"పని అయిపోయింది కదా నాయనా, పోదాం పా."

"యాడ అయిపోయింది? రాసింది నేను. సదివేటోళ్ళు ఇంగా రాల్యా."

ఒకసారి మేడ మీద డాక్టరు గదికి బోర్డు రాశాడు. పక్కనే మెట్లు ఉన్నాయని బాణం గుర్తు కూడా వేశాడు. వచ్చినవాళ్ళు బాణం వైపు చూసి నేరుగా కింద ఉన్న టైలర్ అంగట్లోకి దూరేవాళ్ళు. ఒక పెద్దాయన టైలర్ ఎదుట చొక్కా విప్పి, ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు. టైలర్ టేపు తీసి కొలత మొదలుపెట్టాడు. ఇద్దరికీ ఏ అనుమానమూ రాలేదు. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. నాయన నవ్వలేదు.

"ఆయప్పది తప్పు కాదురా. బాణం నాది," అన్నాడు. మరుసటి రోజు పొద్దున్నే నిచ్చెన వేసి దాన్ని చెరిపి మళ్ళీ రాశాడు.

నా వృత్తికి కావలసిన చదువంతా ఆ బెంచీ మీదే అయిపోయింది. నేను మొదట ఒక ప్రెస్సులో పెళ్ళి పత్రికలు కూర్చేవాణ్ణి, తర్వాత బెంగుళూరు పోయి వెబ్‌సైట్లు గీశాను, చివరికి ఈ యాప్‌లో చేరాను. పని మాత్రం ఒక్కటే. ఏది ఎక్కడుండాలి, బటన్ మీద ఏ మాట రాయాలి, చూసేవాడి వేలు ఎటు పోతుంది. కాకపోతే బెంగుళూరులో మా కిటికీ ఎదురుగా టీ అంగడి లేదు. పదకొండో అంతస్తులో కూర్చుంటే చదివేవాళ్ళు ఎవరూ కనపడరు.

ఇది లేకపోతే ఎవరు చచ్చిపోతారు?

మా పై అధికారి మాలతి మేడమ్ మంగళూరు మనిషి. తెలివైనది, కేకలేయదు, ఎవరి పనీ తన పేరు మీద వేసుకోదు. ఆమెకు ఖాళీ అంటే ప్రాణం. స్క్రీన్ మీద నేనేం పెట్టినా ఒకటే అడిగేది.

"ఇది లేకపోతే ఎవరు చచ్చిపోతారు ఖాదర్?"

ఎవరూ చచ్చిపోరు. తీసేసేవాణ్ణి.

అలా ఒకరోజు చెత్తబుట్ట వంతు వచ్చింది. మనం తీసేసిన ఫైళ్ళు వెంటనే పోవు, కొన్నాళ్ళు ఒక చోట పడి ఉంటాయి. పొరపాటున తీసేసినవాళ్ళు అక్కడ వెతుక్కుని వెనక్కి తెచ్చుకోవచ్చు. అదే చెత్తబుట్ట. అప్పటిదాకా అది మొదటి స్క్రీన్ మీదే ఉండేది.

"ఇంటి వాకిట్లో ఎవరైనా చెత్తబుట్ట పెట్టుకుంటారా?" అంది మేడమ్.

నిజమే కదా అనిపించింది. దాన్ని లోపలికి జరిపాను. మూలనున్న తల బొమ్మ నొక్కితే సెట్టింగులు. అందులో స్టోరేజీ. దాని అడుగున 'మరిన్ని'. ఆ 'మరిన్ని'లో చెత్తబుట్ట. మొదటి స్క్రీన్ చేత్తో తుడిచినట్టయింది. అందరూ మెచ్చుకున్నారు, కేకు కూడా కోసినట్టు గుర్తు.

అదే వారం ఇంకో మీటింగులో, అక్కడ ఫైళ్ళు అరవై రోజులు ఎందుకు, ముప్పై చాలు అన్నారు ఎవరో. ఎందుకు ముప్పై అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నా వంతుకు వచ్చిన పని ఆ మాటను స్క్రీన్ మీద రాయడం. 'ముప్పై రోజుల తర్వాత ఇవి శాశ్వతంగా తొలగిపోతాయి.' వాక్యం చిన్నగా, శుభ్రంగా వచ్చిందని మురిసిపోయాను. దాని పైన ఖాళీ బుట్ట బొమ్మ ఒకటి గీసి, దానికి నవ్వు మొహం పెట్టాను. ఆ నవ్వు ఎందుకు పెట్టానో మీరు అడగకండి.

ఓబులమ్మ పెట్టె

యాప్ పల్లెల్లోకి పోవాలని కంపెనీ అనుకుంది. నీది అనంతపురమే కదా, పోయి నాలుగు రోజులు వాడేవాళ్ళను చూసి రా అన్నారు. తనకల్లు అనే ఊరిని ఎంచుకున్నది నేనే. మా చిన్నమ్మ ఇల్లు అక్కడే, వేళకు ఇంత అన్నం దొరుకుతుంది.

మొదటి రోజే ఒక ముసలాయన నా చేతికి ఫోను ఇచ్చాడు. మా యాప్ గుర్తు మబ్బు బొమ్మ, ఫైలు చేరితే దాని మీద టిక్కు పడుతుంది. దాన్ని ఎంత గుండ్రంగా గీయాలో మేము మూడు వారాలు కొట్టుకున్నాం.

"ఏమప్పా, దినామూ పొద్దున్నే తెరిసి సూస్తాండా. ఈ మబ్బు నల్లబడేదే ల్యా. నిన్న ఒగసారి టిక్కు పడింది. వాన మాత్రం పడల్యా," అన్నాడు.

నేను దాన్ని నవ్వులాటగా రాసుకున్నాను. మబ్బు కోసం మెడలెత్తి చూసే నేలకు మబ్బు బొమ్మ మోసుకొచ్చామని అప్పుడు తట్టలేదు.

ఓబులమ్మ దగ్గరికి మా చిన్నమ్మ తీసుకుపోయింది. బస్టాపు దగ్గర చిన్న గదిలో జాకెట్లు కుట్టేది. యాభై లోపే వయసు, ఒక కాలు సరిగ్గా సాగదు. మిషను పక్కన మోకాలెత్తు ఇనప పెట్టె ఉంది. ఊర్లో సగం ఇండ్ల కాగితాలు అందులో ఉన్నాయి.

వానలు లేని ఏడాది ఇండ్లకు తాళాలేసి బెంగుళూరుకు, కేరళకు కట్టడం పనులకు పోతారు. టార్పాలిన్ కింద పడుకునే చోటికి కాగితాలు మోసుకుపోలేరు. తాళం వేసిన ఇంట్లో వదిలితే చెదలు, ఎలుకలు, చుట్టాలు. అందుకని ఊరు వదలని మనిషి ఒకరి దగ్గర పెట్టి పోతారు. ముందు ఓబులమ్మ అత్త దగ్గర పెట్టేవాళ్ళు, ఆమె తర్వాత ఓబులమ్మ దగ్గర.

దానికొక పద్ధతి ఉంది. ఓబులమ్మ కాగితం ఊరికే తీసుకోదు. పెట్టేవాళ్ళను, వాళ్ళ దాయాదులు ఊర్లో ఉంటే వాళ్ళనూ కూర్చోబెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి వేలిముద్ర దాకా పైకి చదువుతుంది. మళ్ళీ తీసి ఇచ్చేటప్పుడు ఇంకోసారి చదువుతుంది.

"చదివినంక సరిగ్గా ఉండాదా అని అడగాల. ఉండాది అంటేనే పెట్టెలో పెట్టాల. మా అత్త అట్లే చేసేది," అంది. "సదువు రానోళ్ళకు చెవులు ఉండాయి గదన్నా."

ఆ కాగితాలన్నిటికీ ఆమె ఫోటోలు తీసి మా యాప్‌లో పెట్టింది. బెంగుళూరు నుంచి ఎవరైనా ఫోన్ చేసి ఫలానా కాగితం పంపక్కా అంటే పంపడానికి. అరవై డెబ్బై ఇండ్ల బతుకు ఒక్క మనిషి నంబరు మీద, ఒక్క ఖాతాలో. మేము యాప్ గీసేటప్పుడు పై వరుసలో 'నా ఫైళ్ళు' అని రాశాం. ఆ 'నా' ఎవరో ఆమె ఫోన్ చూస్తుంటే నాకు తెలియలేదు.

"ఈ ఫోను పగిలిపోతే కాగితాలు పోతాయా అన్నా?"

"పోవమ్మా. ఫోన్ పోయినా అవి ఉంటాయి."

"యాడుంటాయి?"

"మా దగ్గర భద్రంగా ఉంటాయి."

"మీ దగ్గరంటే నీ దగ్గరేనా?"

అవును అన్నాను. అలా అనడం తేలిక. ఆమె నా నంబరు అడిగి, దర్జీ సుద్దతో పెట్టె మూత లోపల రాసుకుంది.

బెంగుళూరు పోయి నాలుగు పేజీలు రాసిచ్చాను. మాలతి మేడమ్ పూర్తిగా చదివింది. "చాలా బాగుంది. కానీ ఇది ఒక్కామె కథ ఖాదర్. లక్షల మందికి చేసే పనిలో ఒక్కరి కోసం స్క్రీన్ మార్చలేం," అంది. ఆమెది తప్పని నేను ఇప్పటికీ అనలేను. అలాగని ఒప్పని కూడా అనలేను. ఆ నాలుగు పేజీలు మా యాప్‌లోనే ఏదో ఫోల్డర్‌లో పడ్డాయి.

సర్దేద్దామా?

రెండేళ్ళ తర్వాత అందరి ఫోన్లూ నిండిపోవడం మొదలైంది. ఒకే రకంగా ఉన్న ఫోటోలను యాప్ తానే కనిపెట్టి, ఒకటి ఉంచి మిగతావి ఫోన్లోనూ క్లౌడ్‌లోనూ తీసేసే ఏర్పాటు చేశారు ఇంజనీర్లు. దానికి స్క్రీన్ నాది. చాలా ఆలోచించి, బెదిరించకుండా, ఇంట్లోమనిషి అడిగినట్టు రాశాను. 'ఒకేలాంటి ఫోటోలు చాలా ఉన్నాయి. సర్దేద్దామా?' కింద పెద్ద నీలం బటన్, 'సరే'. దాని కింద చిన్నగా, బూడిద రంగులో, 'ఒక్కొక్కటీ చూస్తాను'.

పదిమందిని పిలిచి చూపించాం. అందరూ బెంగుళూరు వాళ్ళు. ఒక్కొక్కరి దగ్గర ఒకే కొండ మీద తీసుకున్న ఫోటోలు నలభై ఉన్నాయి. 'సరే' నొక్కి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

నాకు ఓబులమ్మ గుర్తు రాలేదు. రెండేళ్ళ కిందట ఆమె గదిలో కూర్చుని, ఆమె ఇచ్చిన బొరుగులు తిని, ఆమె ఫోన్ నా చేత్తో పట్టుకుని చూసినవాణ్ణి. భూమి పాసు పుస్తకాలన్నీ ఒకే రంగు, ఒకే అచ్చు. స్టాంపు కాగితాలన్నీ ఒకే అచ్చు. యంత్రానికి అవన్నీ ఒకే ఫోటో. ఇది ఊహించగలిగిన మనిషి ఆ కంపెనీ మొత్తంలో నేనొక్కణ్ణే. ఎందుకు తట్టలేదు? దీని గురించి చాలా రోజులు ఆలోచించాను. గొప్ప కారణం ఏదైనా ఉంటే రాసేవాణ్ణి. ఏమీ దొరకలేదు. ఆరోజు నాకు ఆ పది మంది మొహాలే కనపడ్డాయి, అంతే.

నా స్క్రీన్లో నేనే తప్పిపోయాను

ఉద్యోగం అయిపోయి అనంతపురం వచ్చేశాను. ఒక శుక్రవారం ఫోన్ మోగింది.

"అన్నా, నేను తనకల్లు ఓబులమ్మ. నీ యాప్ నా కాగితాలు తినేసింది."

శనివారం పొద్దున్నే బస్సెక్కి, కదిరిలో మారి, మధ్యాహ్నానికి ఆమె గదిలో ఉన్నాను. పెట్టె మూత తెరిచే ఉంది. సుద్దతో రాసిన నా నంబరు మీద ఎర్ర గోళ్ళరంగు దిద్ది ఉంది.

జరిగింది ఇది. ఫోన్ నిండిపోయింది. యాప్ అడిగింది, సర్దేద్దామా అని. "ఎంత మర్యాదగా అడిగింది అనుకున్న్యావు. సరే అని నొక్కినా," అంది. వందల ఫోటోల్లో పది పన్నెండు మిగిలాయి.

చాలా ఇండ్ల అసలు కాగితాలు పెట్టెలో ఉన్నాయి, వాళ్ళకు ఫికరు లేదు. కానీ ఆ ముందటేడు ఈ కరువు సీమలో ఎవరూ అనుకోని వాన కురిసి, గదిలోకి నీళ్ళొచ్చి పెట్టె అడుగు తడిసింది. నాలుగు ఇండ్ల కాగితాలు గుజ్జయిపోయాయి. మూడిండ్ల వాళ్ళు ఫోటో చూపించి ఆఫీసుల్లో నకళ్ళు తెచ్చుకున్నారు. నాలుగోది రమణమ్మది. మొగుడు చనిపోయాక ఆమె బెంగుళూరులో ఇటుకలు మోస్తోంది. ఆమె మొగుడికీ, మరిది నాగప్పకూ చేను పంచుతూ రాసుకున్న భాగాల కాగితం అది. ఏ ఆఫీసులోనూ దాని నకలు లేదు. మిగిలింది ఫోటో ఒక్కటే.

"సోమవారం సర్వేయరు వస్తాండాడు. రాళ్ళు పాతుతారంట. నాగప్ప గట్టు జరిపి దున్నేసినాడు అన్నా. కాగితం సూపిస్తే ఎనిక్కి పోతాది. ల్యాకుంటే ఇప్పుడు గట్టు యాడుంటే ఆడ్నే రాయి పడతాది. ఆ రమణమ్మకు ఉండేదే అంత."

"ఫోటో ప్రింటు తీసి పెట్టుకోలేదా అమ్మా?"

ఆమె నా వైపు చూసింది. "పోవు అన్న్యావు గదన్నా నువ్వు."

ఫోన్ తీసుకున్నాను. చెత్తబుట్టలో ఉంటుంది, ఒక్క నిమిషం అన్నాను.

ఆ ఒక్క నిమిషం అరగంట అయింది. తల బొమ్మ నొక్కాను, సెట్టింగులు వచ్చాయి. స్టోరేజీ అనుకుని ఇంకేదో తెరిచాను. వెనక్కి వచ్చాను. మళ్ళీ మొదటి స్క్రీన్. ఎంత శుభ్రంగా ఉందో! పట్టుకోవడానికి ఒక్క కొస లేదు. ఓబులమ్మ మిషను ముందు కూర్చుని నా వేలినే చూస్తోంది.

"నువ్వే గదన్నా గీసింది?"

"నేనే."

"మరి?"

చివరికి అడుగున ఆ 'మరిన్ని' కనపడింది. నొక్కాను. బుట్ట బొమ్మ వచ్చింది, ఖాళీగా, నవ్వుతూ. దాని కింద నా వాక్యం. ఆమె 'సరే' నొక్కి నలభై రోజులు దాటింది. అరవై ఉండి ఉంటే దొరికేది.

మాలతి మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె అప్పటికి ఇంకా పై కుర్చీలో ఉంది. పాపం, అరగంటలో ఇంజనీర్లను కనుక్కుని తిరిగి చేసింది. "లేదు ఖాదర్. ముప్పై దాటితే మాకూ కనపడవు. ఆ మాట రాసింది నువ్వే కదా," అంది. దెప్పడానికి అనలేదు.

ఓబులమ్మకు చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. మిషను మీద గుడ్డ కప్పింది. "రమణమ్మకు ఏం చెప్పల్ల?" అంది. రమణమ్మ అప్పటికే బెంగుళూరులో బస్సెక్కేసింది.

సోమవారం

నేను తిరిగి పోలేక చిన్నమ్మ ఇంట్లోనే ఉండిపోయాను. సోమవారం పొద్దున చేలోకి అందరం పోయాం. ఎండిన బాయి ఒకటి, అక్కడి నుంచి తూర్పుకు రమణమ్మ భాగం, ఆ తర్వాత గట్టు, గట్టు అవతల నాగప్ప భాగం. గట్టు కొత్త మట్టిది. చూసినవాళ్ళకు తెలుస్తుంది.

రమణమ్మ సన్నగా ఉంది, సిమెంటుకు పగిలిన చేతులు. ఆమెకు చదువు రాదు. ఫోటో పోయిన సంగతి ఓబులమ్మ రాత్రే చెప్పిందట. నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపుకు నేను తల దించుకున్నాను.

సర్వేయరు కుర్ర మనిషి, మర్యాదస్తుడు. "భాగాలైనట్టు కాగితం ఉంటే చూపించండమ్మా," అన్నాడు.

"ఉంటే సూపించమను సార్," అన్నాడు నాగప్ప. కాగితం తడిసిన సంగతి ఊరందరికీ తెలుసు. ఫోటో పోయిన సంగతి కూడా అప్పటికి తెలిసిపోయింది.

ఓబులమ్మ కాలీడ్చుకుంటూ ముందుకొచ్చింది. చేతిలో ఏమీ లేదు. చేతులు కట్టుకుని, కాగితం ఎదురుగా ఉన్నట్టే మొదలుపెట్టింది. ఫలానా సంవత్సరం, ఫలానా నెల, అన్నదమ్ములమైన మేమిద్దరం మా ఇష్టపూర్వకంగా, పెద్దల ముందర రాసుకున్న భాగాల కాగితం. పొల్లుపోకుండా చెబుతోంది. ఆ కాగితాన్ని ఆమె ఎన్నిసార్లు పైకి చదివిందో! రమణమ్మ పోయిన ప్రతిసారీ, వచ్చిన ప్రతిసారీ. రమణమ్మ పెదవులు కూడా కదులుతున్నాయి.

"ఒక్కరి నోటి మాట నేను రాసుకోలేనమ్మా, ఇద్దరూ ఒప్పుకోవాలి," అన్నాడు సర్వేయరు.

ఓబులమ్మ ఆగలేదు. "పెద్దవాని భాగం, ఎండిన బాయి గడ్డ నుంచి తూర్పుకు నలభై బారలు."

"నలభయ్యా!" నాగప్ప ఒక్క అరుపు అరిచాడు. "ఏం ఓబులక్కా, నోటికొచ్చినట్ల చెప్తాండావు? ముప్పై ఆరు! ముప్పై ఆరు బారలు, నా ముందరే గదా పదిసార్లు సదివినావు!"

నాగప్ప నోరు ఇంకా తెరుచుకునే ఉంది.

సర్వేయరు పుస్తకం తెరిచాడు. "ముప్పై ఆరేనా అన్నా?"

నాగప్ప నేల చూశాడు. వదిన చేతులు చూశాడు. "ముప్పై ఆరే," అన్నాడు. "రాసుకో."

చేతులు చాచి బారలు కొలిచి, తర్వాత టేపుతో కొలిచారు. కొత్త గట్టుకు అవతల, నాగప్ప దున్నిన నేలలో రాయి పడింది. ఇద్దరూ వేలిముద్రలు వేశారు. రమణమ్మ ఆ రాయి పక్కన కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి. సంతోషమా, సిగ్గా అంటే ఇప్పుడు కూడా చెప్పలేను.

దారిలో ఓబులమ్మను అడిగాను. "నలభై అని పొరపాటున అన్నావా, కావాలనే అన్నావా?"

"ఏమోన్నా, నాకూ తెల్దు. భయంలో నోటికి ఏమొచ్చిందో," అంది. ఆ ముఖంలో ఏముందో చదవడం నాకు రాలేదు.

మూడోది

ఇది చదివే పిల్లలకు నేను చెప్పగలిగింది కొంచెమే. మీ స్క్రీన్ ఎదురుగా ఎక్కడైనా ఒక బెంచీ వెతుక్కోండి. ఒకసారి చూసిన మనిషిని మర్చిపోకండి, నేను మర్చిపోయాను. పోదు అని ఎవరికీ మాటివ్వకండి. ఎన్ని రోజులు అని ఎవరైనా అంటే, ఎందుకు అన్ని అని అడగండి, మీటింగు ఆలస్యమైనా సరే. అంతకు మించి నాకు తెలియదు. లక్షల మంది ఫోటోలు మా యాప్ దాచింది కూడా నిజం. ఓబులమ్మవి పోగొట్టింది కూడా నిజం. ఈ రెంటినీ ఎలా కలిపి చూడాలో నేను ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

ఓబులమ్మ యాప్ వదిలేయలేదు. అది నాకు ఆశ్చర్యం. నేను వదిలేయమన్నా వినలేదు. ఫోటోలన్నీ మళ్ళీ తీస్తోంది, ఈసారి వేరే రకంగా. కాగితాన్ని నేల మీద పెట్టి తీయడం మానేసింది. ఎవరి కాగితం వాళ్ళ చేతికే ఇచ్చి, ఎదకు ఆనించి పట్టుకోమని, మొహంతో సహా తీస్తోంది.

"అన్నీ ఒగే మాదిరి ఉండాయనే గదా నీ మిషను పొరపాటు పడింది. మొగాలు ఒగే మాదిరి ఉండవు గదా," అంది.

పన్నెండేళ్ళలో మా పదకొండో అంతస్తులో ఎవరికీ రాని ఉపాయం అది. కొత్తగా రాయించుకున్న భాగాల కాగితం పట్టుకుని రమణమ్మ కూడా ఒక ఫోటోలో ఉంది. పక్కన నాగప్ప ముఖం ముడుచుకుని నిలబడి ఉన్నాడు. దాని ప్రింటు కూడా ఒకటి తీసి పెట్టెలో పెట్టింది.

నేను బయలుదేరుతుంటే అడిగింది. "నువ్వు గూడా ఊర్లు తిరిగేటోడివే గదన్నా. నీ కాగితాలు యాడ పెట్టినావు?"

యాప్‌లో, అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మరుసటి నెల మా ఇంటి పత్రం సంచిలో పెట్టుకుని తనకల్లు పోయాను. ఓబులమ్మ నన్ను మిషను పక్కన కూర్చోబెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చదివింది. నాయన పేరు వచ్చింది, నా పేరు వచ్చింది, మా ఇంటి నాలుగు హద్దులు వచ్చాయి. నా కాగితాన్ని ఎవరైనా నాకు చదివి వినిపించడం అదే మొదలు. అంతా అయ్యాక కళ్ళద్దాలు తీసి, "సరిగ్గా ఉండాదా అన్నా?" అని అడిగింది.

ఉందమ్మా అన్నాను. ఫోటో కోసం దాన్ని ఎదకు ఆనించి పట్టుకుని నిలబడ్డాను. తర్వాత ఆమె దాన్ని మడిచి పెట్టెలో పెట్టింది. నా కాగితం ఎక్కడుందని ఆ కాలేజీ అమ్మాయి ఇప్పుడు అడిగితే చెప్పగలను. ఎడమ పక్కన, పై నుంచి మూడోది.